ఎవరి నడకతో నడవాలి?

బుద్ధుడు జ్ఞానం పొందిన తరువాత మొదటిసారి కన్నతండ్రిని చూడడానికి వెళ్ళింది వసంతంలోనే. అప్పుడాయన రాజగృహంలో ఉన్నాడు. కపిలవస్తు నుంచి తండ్రి పంపగా వచ్చి భిక్షువైన కాళుదాయి, చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు, అడవి పూతమీద ఉంది, నడవడానికి ఇదే తగిన వేళ అని ఆయనను ప్రయాణానికి ప్రేరేపించాడు. థేరగాథల్లో కాళుదాయి పేరుమీద ఉన్న గాథలు ఆ వసంతం గురించినవే. రాజగృహం నుంచి కపిలవస్తుకు 60 యోజనాలని, బుద్ధుడు రోజుకు ఒక యోజనం చొప్పున రెండు నెలలు నడిచాడని అట్ఠకథలు చెబుతాయి. ఆ నడకకు పాళీలో ఒక పేరుంది: అతురిత చారిక. అంటే తొందరలేని నడక.

ఈ సంగతి మేము చదివింది రాజ్‌గిర్ వెళ్ళి వచ్చాక. ముందే చదివి, చదివినదాన్ని మనసుకు ఎక్కించుకుని ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం కలిగేది కాదు.

ప్రశ్న చిన్నదే. కలిసి బయలుదేరినవాళ్ళు ఎవరి నడకతో నడవాలి? ముందు నడవగలిగినవాడు వెనకవాడి కోసం ఆగాలా? ఆగితే ఎంతసేపు ఆగాలి? ఆగకపోతే అది తప్పా, లేక ఎవరి దారి వారు నడవవలసిందే అని ధమ్మమే చెబుతున్నదా? సభల్లో ఈ ప్రశ్నకు మనందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. కొండమీద ఎండ ఎక్కుతుండగా, చేతిగడియారం చూసుకుంటూ జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు మేము ఏం చెప్పామో రాయడం ఇక్కడ మా పని.

మేము కృష్ణా, గుంటూరు ప్రాంతాల రెండు విహారాలకు వచ్చే ఉపాసకులం, మొత్తం పదముగ్గురం. బోధ్‌గయలో మూడు రోజులుండి రాత్రికి రాజ్‌గిర్ చేరాం. మర్నాటి కార్యక్రమం మాలో ఒక కుర్రవాడు గంటల లెక్కన రాసిపెట్టాడు. తెల్లవారగానే గృధ్రకూటం. అక్కడి నుంచి రత్నగిరి శిఖరం మీదికి ఎక్కి విశ్వశాంతి స్తూపం. రోప్‌వేలో కిందికి. మధ్యాహ్నం వేణువనం. సాయంత్రం వైభారగిరి ఎక్కి, మొదటి సంగీతి జరిగిందని సంప్రదాయం చెప్పే సప్తపర్ణి గుహ. ఆ మర్నాడు తెల్లవారుజామున తిరుగు రైలు. ఒక్క రోజులో ఇవన్నీ చూడాలంటే ఎక్కడా అరగంట కూడా వృథా కాకూడదు.

మాలో అందరికంటే పెద్దవాడు డెబ్బై దాటిన మనిషి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అందరం బాబాయ్ అంటాం. పింఛను డబ్బులో నెలనెలా కొంత తీసిపెట్టి ఈ యాత్రకు వచ్చాడు. ఆయన మోకాళ్ళు బాగాలేవని మాకు తెలుసు. తెలుసు గాని, కార్యక్రమం రాసుకున్న కాగితంలో ఆ మోకాళ్ళకు చోటు లేదు.

ఉదయం ఆరింటికి గృధ్రకూటం దారి పట్టాం. కింది నుంచి పైదాకా రాళ్ళు పరిచిన దారి. బింబిసారుడు బుద్ధుణ్ణి చూడడానికి వేయించిన దారి ఇదేనంటారు. ఏడో శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ ఈ దారి మధ్యలో రెండు చిన్న స్తూపాలు ఉన్నాయని రాశాడు. మొదటిది రాజు రథం దిగిన చోటు. అక్కడి నుంచి ఆయన కాలినడకన వెళ్ళాడు. రెండోది రాజు తన వెంట వచ్చిన సామాన్య జనాన్ని ఆపేసి వెనక్కి పంపిన చోటు. అక్కడి నుంచి వాళ్ళను తనతో రానివ్వలేదు. మాలో మాస్టారు ఈ సంగతి చెబుతుంటే నడుస్తూనే విన్నాం. రథం దిగడం బాగుందన్నాం. జనాన్ని ఆపేయడం రాజుల బుద్ధి అన్నాం. బాబాయ్ అప్పటికే మాకు యాభై అడుగులు వెనక ఉన్నాడు. ఆయన ఈ కథ వినలేదు.

పైన సారిపుత్తుడి పేరుతో, ఆనందుడి పేరుతో చూపించే రాతి గుహలు, వాటిపైన ఇటుక వేదిక. కొండ కొమ్ము గద్ద తలలా ముందుకు పొడుచుకు వచ్చింది. అందరం త్రిశరణ పంచశీల చెప్పుకున్నాం. వెనక వచ్చిన బాబాయ్ కూడా అందుకున్నాడు. దీఘనఖుడనే పరివ్రాజకుడికి బుద్ధుడు ఉపదేశం చేస్తుంటే, వెనక నిలబడి విసనకర్రతో విసురుతున్న సారిపుత్తుడు ఆ మాటలు వింటూనే అర్హతుడైంది ఈ కొండమీదే. ఎదురుగా కూర్చున్నవాడికి చెప్పిన మాట వెనక నిలబడినవాడికి పూర్తిగా అందింది. ఆ ఉదయం మాకు ఇదీ గుర్తుకు రాలేదు.

గృధ్రకూటం దిగి, రత్నగిరికి పోయే దారి చీలే చోట నిలబడ్డాం. బాబాయ్ రాయిమీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. అప్పటికే రాసుకున్న వేళకు ముప్పావుగంట వెనకబడ్డాం. ఎవరం ముందు అన్నామో ఇప్పుడు చెప్పడం అనవసరం. అందరం అన్నట్టే. “బాబాయ్, పైకి ఎక్కడం నీవల్ల కాదు. నువ్వు నెమ్మదిగా కిందికి దిగి రోప్‌వే దగ్గర కూర్చో. మేము పైన చూసుకుని కుర్చీల్లో దిగి వచ్చేస్తాం.” ఆయన తలాడించాడు. నీళ్ళ సీసా ఒకటి ఇచ్చాం. అరటిపళ్ళు ఇచ్చాం. మంచిపనే చేస్తున్నామనుకున్నాం.

ఆయన్ను అదే రోప్‌వేలో కింది నుంచి పైకి తీసుకువెళ్ళవచ్చు గదా అని ఒక్కరికీ తోచలేదు. మాలో ఇద్దరు ఆయనతో కిందికి దిగి కుర్చీ ఎక్కించి వెంట వస్తే సరిపోయేది. ఆ ఆలోచన వచ్చి, కష్టమని వదిలేసి ఉంటే అది ఒక తప్పు. అసలు రాకపోవడం అంతకంటే పెద్ద తప్పు. మనిషిని బాధపెట్టాలని ఎవరమూ అనుకోలేదు. ఆయనకు పైకి రావాలని ఉంటుందేమోనని కూడా ఎవరమూ అనుకోలేదు.

పన్నెండుమందిమి పైకి ఎక్కాం. శిఖరం వెంబడి నడక మొదలయ్యాక ఒళ్ళు తేలికైంది. అబద్ధం చెప్పనక్కరలేదు, ఆ గంట మా జీవితంలో మరచిపోలేని గంట. ఆకు రాలిన అడవిలో అక్కడక్కడ మోదుగలు ఎర్రగా పూసి ఉన్నాయి. కింద లోయలో పాత రాజగృహం ఉన్న చోటు, చుట్టూ కొండలు. ఆ కొండల వెన్నుల మీదుగా పాత నగరం గోడ పోతుంది. సున్నం లేకుండా, మట్టి లేకుండా, చెక్కని బండలను ఒకదానిమీద ఒకటి పేర్చి సుమారు 40 కిలోమీటర్ల పొడవున కట్టిన గోడ. గాలి ఎదురుగా వచ్చి చెమట ఆర్చేస్తుంటే, మా ఊళ్ళ గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటూ నడిచాం. కుర్రవాళ్ళు జై భీమ్ అని అరిస్తే లోయలోంచి జై భీమ్ అని తిరిగి వచ్చింది.

స్తూపం తెల్లగా మెరుస్తూ కనిపించింది. జపాన్‌కు చెందిన నిప్పొన్‌జన్ మ్యోహోజి సంఘం గురువు ఫుజీ గురూజీ పూనికతో కట్టినది. 1969లో అప్పటి రాష్ట్రపతి వి.వి.గిరి ప్రారంభించారు. నాలుగు వైపులా బుద్ధుడి పుట్టుక, జ్ఞానోదయం, ధమ్మోపదేశం, మహాపరినిబ్బానం చూపే నాలుగు బంగారువన్నె విగ్రహాలు. ప్రదక్షిణ చేసి వందన చెప్పుకున్నాం. తరువాత ఫోటో. మాలో డిగ్రీ చదివే అమ్మాయి అందరినీ వరసలో నిలబెట్టి, ఎదుటివాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చి ఫోటో తీయించింది. చూసుకుని అన్నది: “ఇంటికెళ్ళాక ఈ ఫోటో చూపిస్తే బాబాయ్ ఏడీ అని పిన్ని అడుగుద్ది. ఏం చెప్దాం?”

ఎవరమూ మాట్లాడలేదు. అంతలోనే నీళ్ళ సీసాలు అమ్మే ఒక కుర్రాడు మెట్ల దారిలో పైకి వచ్చి, మీ మాటలాగే మాట్లాడే ముసలాయన ఒకరు కింద మలుపులో పడి ఉన్నాడని హిందీలో చెప్పాడు.

బాబాయ్ కిందికి దిగలేదు. మేము కనుమరుగయ్యాక లేచి, మా వెనకే ఒక్కడే ఎక్కడం మొదలుపెట్టాడు. మూడువంతుల్లో రెండువంతుల దారి ఎక్కాక చెప్పు ఉంగటం తెగి, కాలు మడతపడి కూలబడ్డాడు. మేము వెళ్ళేసరికి శనగలు అమ్మే ఒక ముసలమ్మ ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని ఆవనూనె రాస్తున్నది. ఆమె భాష ఆయనకు రాదు, ఆయన భాష ఆమెకు రాదు. చీలమండ వాచింది. ఎముక విరగలేదు.

మాకు మొదట వచ్చింది కోపం. చెప్పినట్టు వినకూడదా అన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పిన మాటలు మాకు గుర్తున్నంతవరకు ఇవి.

“మీరు నా మంచికే ఆగమన్నారు. నాకు తెలుసు. కానీ ఆ మాట నా చెవిలో ఇంకోలాగా పడింది. మా నాన్న చెప్పులు కుట్టేవోడు. ఊళ్ళో సగం మంది కాళ్ళకి ఆయన కుట్టిన చెప్పులే. ఆ ఈదిలోంచి పోవాల్సొస్తే మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని పోవాల. నన్ను ఈది మొదట్లో నిలబెట్టి, ఒరే నువ్విక్కడే కూకో, నే పోయొస్తా అనేవోడు. ఎందుకంటే నేను చిన్నోణ్ణి, మరిచిపోయి చెప్పులు ఏసుకుని నడుస్తానేమోనని ఆయన భయం. ఆయన కూడా నా మంచికే అన్నాడు. ఇయ్యాల మీరు నువ్విక్కడే కూకో అంటే, నాకు డెబ్బై ఏళ్ళు పోయి ఏడేళ్ళు వచ్చినయ్. అందుకే లేచా.”

ఇది విన్న తరువాత ఆ దారి మధ్యలోని రెండో స్తూపం మాకు గుర్తుకు వచ్చింది. రాజు జనాన్ని ఆపేసిన చోటు. అది రాజుల బుద్ధి అని ఉదయం మేమే అన్నాం. గంట తిరగకముందే ఆ పని మేమే చేశాం. మాకు రథం లేదు, కిరీటం లేదు. మంచి మోకాళ్ళు ఉన్నాయి, అంతే. మనిషిని వెనక్కి పంపడానికి ఆ పాటి ఆధిక్యం చాలునన్నమాట.

అక్కడే కూర్చుని మాలో మేము చాలాసేపు వాదించుకున్నాం. ఆ వాదన ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఎందుకంటే రెండో పక్షం మాట కూడా తీసివేయదగ్గది కాదు.

కార్యక్రమం రాసిన కుర్రవాడు అన్నాడు: “ఒక్కరి కోసం పన్నెండుమంది ఆగిపోవడం న్యాయమా? అందరూ వెనకవాడి నడకతోనే నడిస్తే ఎవరూ ఎక్కడికీ చేరరు. ఎవరికి వారే దీపం, ఎవరికి వారే శరణం అని బుద్ధుడు చెప్పాడు గదా. ఎవరి కొండ వారే ఎక్కాలి. మోసుకెళ్ళేవాడు ఎవడూ ఉండడు.”

ఈ మాటలో నిజం ఉంది. సోణ కోళివిసుడి కథ ఈ నిజంతోనే మొదలవుతుంది. ఆయన చంపా నగరపు శ్రేష్ఠి కొడుకు. అరికాళ్ళలో వెంట్రుకలు మొలిచేంత సుకుమారంగా పెరిగాడు. భిక్షువై ఈ రాజగృహంలోనే శీతవనంలో ఉండి సాధన చేశాడు. నడిచి నడిచి పాదాలు పగిలి, చంక్రమణం చేసే దారి పశువులను కోసే చోటులా రక్తంతో తడిసింది. అయినా ఫలితం రాలేదు. ఇంటికి వెళ్ళిపోయి దానధర్మాలు చేసుకుంటే మేలు అనుకున్నాడు. అది తెలిసి బుద్ధుడు గృధ్రకూటం నుంచి ఆయన దగ్గరికి వచ్చాడు. వీణ వాయించేవాడివి గదా, తీగలు మరీ బిగిస్తే పలుకుతాయా, మరీ వదులైతే పలుకుతాయా అని అడిగాడు. ప్రయత్నం కూడా అంతే, సమంగా ఉండాలన్నాడు.

ఈ వీణ కథ మనందరికీ తెలుసు. దీన్ని సాధారణంగా ఒంటరి మనిషి సాధన గురించిన కథగా చెప్పుకుంటాం. కాని వినయపిటకంలోని మహావగ్గంలో ఈ కథ అక్కడితో ఆగదు. సోణుడు అర్హతుడైన తరువాత, నీవు సుకుమారుడివి, నీకు ఒంటి అట్ట చెప్పులు అనుమతిస్తున్నాను అని బుద్ధుడు అన్నాడు. అప్పటిదాకా భిక్షువులకు ఆ అనుమతి లేదు. సోణుడు ఒప్పుకోలేదు. ఎనభై బండ్ల బంగారం వదిలి వచ్చినవాడు ఇప్పుడు ఒంటి అట్ట చెప్పులకు ఆశపడ్డాడని లోకం అంటుంది అన్నాడు. సంఘానికంతా అనుమతిస్తే నేనూ వేసుకుంటాను, అనుమతించకపోతే నేనూ వేసుకోను అన్నాడు. బుద్ధుడు అప్పుడు సంఘమంతటికీ ఒంటి అట్ట చెప్పులు అనుమతించాడు.

పాదాలు పగిలింది ఒక్కడికి. చెప్పులు వచ్చింది అందరికీ. అసలు చెప్పులు అవసరమైనవాడే, అందరికీ లేనిది నాకు వద్దని నిలబడ్డాడు. పగిలిన పాదాలు ఆయనవే. ఆ పాదాలతో నడిచి అవతలి ఒడ్డుకు చేరినవాడూ ఆయనే. కాబట్టి కుర్రవాడు చెప్పినట్టు ఎవరి కొండ వారే ఎక్కాలి, నిజమే. కాని ఎక్కిన తరువాత దొరికిన సౌకర్యాన్ని ఒంటరిగా అనుభవించడానికి ఆ కొండ ఎక్కినవాడు నిరాకరించాడు. తన కాళ్ళతో తాను నడవడం వేరు, ఒంటరిగా నడవడం వేరు. ఈ తేడా పట్టుకోలేకపోతే స్వయంకృషి పేరుతో మనం స్వార్థాన్ని కూడా ధమ్మమని చెప్పుకుంటాం.

ఎవరికి వారే దీపం అన్న మాట చెప్పిన సందర్భమూ చూడాలి. అది మహాపరినిబ్బాన సుత్తంలోనిది. అప్పటికి బుద్ధుడు ముసలివాడు, జబ్బుచేసి లేచినవాడు. పాతబడ్డ బండిని కట్లు కట్టి నడిపిస్తున్నట్టు తన ఒళ్ళు నడుస్తున్నదని చెప్పినవాడు. కుశినగరం దారిలో అలసిపోయాను, కూర్చుంటాను, బట్ట పరువు అని ఆనందుణ్ణి అడిగినవాడు. ఆనందుడు ముందుకు వెళ్ళిపోలేదు. బట్ట పరిచాడు. నీళ్ళు తెచ్చాడు.

ఆ సుత్తం మొదలయ్యేది గృధ్రకూటం మీదే. వజ్జీలను జయించగలమా అని అజాతశత్రువు తన మంత్రి వస్సకారుణ్ణి ఇక్కడికే పంపాడు. మంత్రి వెళ్ళిపోయాక బుద్ధుడు రాజగృహం భిక్షువులందరినీ సమావేశపరచి, సంఘం క్షీణించకుండా ఉండడానికి ఏడు ధర్మాలు చెప్పాడు. అందులో మొదటిది తరచుగా సమావేశం కావడం. రెండోది కలిసి కూడడం, కలిసి లేవడం. కలిసి కూడడం మన సంఘాలకు బాగానే వచ్చు. ఏప్రిల్ 14న కూడతాం, అక్టోబర్ 14న కూడతాం. కలిసి లేవడం రాదు. లేచేటప్పుడు ఎవరి తొందర వారిది. ఆ రోజు గృధ్రకూటం మీద మేము పదముగ్గురం కలిసి కూర్చున్నాం, పన్నెండుమందిమి లేచాం.

అయితే కుర్రవాడి మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అందరూ అందరికంటే నెమ్మదైనవాడి వేగంతోనే నడవాలా? దీనికి జవాబు సుత్తంలో వెతుకుతుంటే, చెప్పింది బాబాయే.

“పట్టా ఎత్తడం ఎప్పుడన్నా చూశారా? పట్టా అంటే ఆషామాషీ బరువు కాదు. గ్యాంగంతా వరసలో నిలబడతాం. అందర్లో బలమున్నోడూ ఉంటాడు, జొరమొచ్చి లేచినోడూ ఉంటాడు. మేటు కేకేస్తాడు. ఆ కేకకి అందరూ ఒక్కసారి ఎత్తాల. బలమున్నోడు ముందే ఎత్తాడనుకో, బరువంతా వాడి నడుం మీదే పడుద్ది. నీరసమున్నోడు ఎనకబడ్డాడనుకో, వాడి కాలిమీద పడుద్ది. అందుకని నీరసమున్నోణ్ణి ఇద్దరు బలమున్నోళ్ళ మధ్యన పెడతాం. వాడు ఎత్తడా అంటే ఎత్తుతాడు. ఎత్తగలిగినంత ఎత్తుతాడు. మా గ్యాంగు బలమున్నోడి ఊపులో పోలా, నీరసమున్నోడి ఊపులోనూ పోలా. కేకని బట్టి పోయింది.”

ఇంతకంటే మంచి జవాబు మాకు దొరకలేదు. వేగం ఎవరిదీ కాదు. అది అందరూ కలిసి కుదుర్చుకునేది. వీణలో ఒక్కో తీగది ఒక్కో బిగువు. అన్నీ ఒకే బిగువులో ఉండవు, ఒకే స్వరానికి కుదురుతాయి. సమానత్వం అంటే అందరినీ ఒకే వేగానికి దించడం కాదు. ఎవరినీ వదలకుండా సాగే వేగాన్ని కనిపెట్టడం. దానికి ముందున్నవాడు కొంత ఆగాలి. వెనకున్నవాడు కొంత గట్టిగా అడుగు వేయాలి. ముందే కూర్చుని ఆ వేగం కుదుర్చుకోవాలి. కుదుర్చుకోనప్పుడు, అడగకుండానే బలమున్నవాడి వేగమే అందరి వేగం అయిపోతుంది. మా కాగితంలో జరిగింది అదే. ఆ కాగితం రాసినప్పుడు బాబాయ్‌ని ఎవరూ అడగలేదు.

మేము చూసిన ఆ నగరం గోడ కూడా ఈ మాటే చెబుతుంది. పెద్ద పెద్ద బండల మధ్య సందుల్లో చిన్న రాతి ముక్కలు దూర్చి ఉంటాయి. చూసేవాడి కంటికి బండలే కనిపిస్తాయి. సున్నం లేని గోడలో బండ కదలకుండా పట్టుకునేది ఆ చిన్న ముక్కలే.

ఇది ఒక కొండకు సంబంధించిన విషయం మాత్రమే అయితే ఇంత రాయనక్కరలేదు. మన పల్లెల్లో, పేటల్లో ముందు చదువుకున్న ఇళ్ళు ఉన్నాయి. ఇంకా చదువు చేరని ఇళ్ళు ఉన్నాయి. ఉద్యోగం వచ్చి పట్నం చేరినవాళ్ళం ఉన్నాం. మురుగు కాలువల్లో దిగుతున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. 1927 మార్చి 20న మహాద్‌లో చవదార్ చెరువుకు నడిచినప్పుడు, బాబాసాహెబ్ ఒక్కరే వెళ్ళి ఆ నీళ్ళు తాగి వచ్చి ఉంటే అది ఒక బారిస్టరు సాహసం అయ్యేది. వేలమందితో నడిచారు గనుకనే అది మన చరిత్ర అయింది. 1956 మార్చి 18న ఆగ్రాలో మాట్లాడుతూ ఆయన అందరికంటే ఎక్కువ బాధపడింది చదువుకున్నవాళ్ళ గురించి. తమవాళ్ళను మరచి తమ దారి తాము చూసుకున్నారని. అవి రెండూ వసంతంలోనే. ఒక వసంతంలో అందరితో నడిచిన నాయకుడు, 29 ఏళ్ళ తరువాత మరో వసంతంలో, ముందుకు వెళ్ళిపోయినవాళ్ళను చూసి బాధపడ్డాడు.

మేము చదువుకున్నవాళ్ళమే. మా ఇళ్ళల్లో ఆయన ఫోటో ఉంది. మేమెవరమూ మా వాళ్ళకు ద్రోహం చేయాలని అనుకోము. పైకెళ్ళి వచ్చేస్తాం, నువ్విక్కడే కూర్చో అంటాం. నీళ్ళ సీసా ఇస్తాం. అరటిపళ్ళు ఇస్తాం. తిరిగి వచ్చేసరికి కొన్నిసార్లు ఒక తరం గడిచిపోతుంది.

దయకూ మైత్రికీ ఉన్న తేడా కూడా అక్కడే తెలిసింది. అరటిపండు ఇవ్వడం దయ. నువ్వు పైకి వస్తావా, ఎలా వద్దాం అని అడగడం మైత్రి. దయకు అవతలివాడి జవాబుతో పని లేదు. మైత్రికి ఉంది.

బాబాయ్‌ని మోసుకెళ్తామంటే ముందు ఒప్పుకోలేదు. ఎవరి భుజాలమీదా ఎక్కనన్నాడు. అప్పుడు మాస్టారు ఒక సంగతి చెప్పారు. దేవదత్తుడు గృధ్రకూటం మీంచి దొర్లించిన బండ పగిలి, ముక్క తగిలి బుద్ధుడి పాదం గాయపడింది. అప్పుడు భిక్షువులు ఆయనను మంచంలాంటి పల్లకిలో మోసుకుపోయారని అట్ఠకథలు చెబుతాయి. అధికారం కోసం భుజాలెక్కడం వేరు, గాయపడినప్పుడు సంఘం చేతుల్లో ఒదగడం వేరు. బాబాయ్ కాసేపు ఆలోచించి, “అయితే పైకే ఎత్తండి. కిందికైతే నేను రాను,” అన్నాడు.

ఇద్దరిద్దరు మారుతూ, చేతులు కుర్చీలా కట్టి ఎత్తుకున్నాం. మెట్లు చదునుగా ఉన్నచోట దిగి, భుజాలు పట్టుకుని ఒంటికాలిమీద తనే నడిచాడు. నీళ్ళ కుర్రాడు తన చేతికర్ర ఇచ్చాడు. కాళ్ళకు మాలో ఒకరి చెప్పులు వేశాం. ముప్పావుగంట పట్టవలసిన దారి రెండు గంటలు పట్టింది. ముందు ఒకసారి చకచకా ఎక్కిన దారే అది. ఇప్పుడు ప్రతి పదిమెట్లకూ ఆగుతుంటే, దారి పక్కన ఏమేం ఉన్నాయో మొదటిసారి చూశాం. ఆగిన ప్రతిచోటా అందరం ఆగాం. లేచినప్పుడు బాబాయే కేక వేశాడు. ఆ కేకకు అందరం లేచాం.

స్తూపం దగ్గర మళ్ళీ వందన చెప్పుకున్నాం. మళ్ళీ ఫోటో దిగాం. అప్పటికి ఎండ ముదిరింది. రోప్‌వే దగ్గర పనివాళ్ళు సాయం పట్టి బాబాయ్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్కో కుర్చీలో ఒక్కరే కూర్చోవాలి. అందుకని ఆయనకు ముందు కుర్చీలో ఒకరం, వెనక కుర్చీలో ఒకరం కూర్చుని మాట్లాడుతూ దిగాం.

సప్తపర్ణి గుహ చూడలేదు. వేణువనం కూడా చీకటి పడ్డాక గేటు బయటినుంచే చూశాం. కార్యక్రమం రాసిన కుర్రవాడికి ఆ లోటు ఇంకా ఉంది. ఆ మాట దాచకుండానే చెబుతాడు. ఉండటం తప్పు కాదు. ఆగినందుకు ఏదో ఒకటి పోతుంది. పోదని చెప్పడం నిజాయితీ కాదు. అది తెలిసే ఆగాలి.

ఇప్పుడు మా విహారంలో ఎక్కడికైనా బయలుదేరేముందు కాగితం రాసేది బాబాయ్ పక్కన కూర్చునే. మొదట అడిగే ప్రశ్న ఎన్ని చోట్లు చూడగలం అని కాదు. ఎవరెవరు వస్తున్నారు అని. ఆ తరువాతే చోట్ల పేర్లు రాస్తాం. వచ్చే ఫాల్గుణంలో సప్తపర్ణి గుహకు వెళ్ళాలనుకుంటున్నాం. ఆ రోజుకు ఆ ఒక్క కొండే.